రాతిపై వ్రాసిన తేదీలు

1698వ సంవత్సరమున ఎడ్వర్డ్ లూయిడ్ అను పండితుడు వేల్స్ దేశములోని లాండైలో అను ఊరి సమీపమున దొరకిన ఒక వింత రాయిని పరిశీలించెను. ఆ రాతిలో ఒక జీవి ఆకారము అచ్చుపోసినట్లున్నది. నడుమ వెన్నెముక వంటి గట్టు, దానికి ఇరుప్రక్కల పక్కటెముకల వంటి అడ్డగీతలు. ఆయన దానిని చదునైన ఒక చేప అస్థిపంజరమని తలచి, బొమ్మతో సహా దాని వివరమును లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించెను.

అది చేప కాదు. నేడు దానిని ట్రైలోబైట్ అనుచున్నాము. ఈ జీవి వీపుపై నిలువునా రెండు చాళ్లుండి, దేహము మూడు తమ్మెలుగా కనబడును. ఆ మూడు తమ్మెలే దాని పేరునకు కారణము. సంధులుగల కాళ్లు కలిగి, రొయ్య, పీత, తేలు మొదలైన వాని కుటుంబమునకు చెందిన సముద్రజీవి ఇది. రోకలిబండ పురుగు తాకగానే చుట్ట చుట్టుకొనునట్లు, ఆపద వచ్చినప్పుడు చాల రకముల ట్రైలోబైట్లు చుట్టుకొనెడివి. అట్లు చుట్టుకొనియే రాయియైపోయినవి కూడ దొరకుచున్నవి. ఇవి సుమారు 52 కోట్ల సంవత్సరముల క్రిందట కానవచ్చి, సుమారు 25 కోట్ల సంవత్సరముల క్రిందట పూర్తిగా నశించినవి.

లూయిడ్ చూచిన రాయి వంటి రాళ్లు కేవలము వింత వస్తువులు కావు. భూమి చరిత్రలో ఏ పొర ముందు, ఏ పొర వెనుక అని తేల్చుటకు అవియే సాక్ష్యములు. అటువంటి సాక్ష్యములను ఆధారము చేసికొని ఆర్డోవిషియన్ అను ఒక మహాయుగమును పండితులు ఎట్లు గుర్తించిరో, దానిని దశలుగా ఎట్లు విభజించిరో నేటి ప్రసంగమున మనవి చేయుదును.

ముందుగా ఒక సందేహము తీర్చుకొనవలెను. రాతి వయస్సును రాతి రంగును బట్టియో, గట్టితనమును బట్టియో చెప్పరాదా? చెప్పరాదు. సముద్రము అడుగున బురద పేరుకొన్నచోట నల్లని షేల్ రాయి పుట్టును. ఆ పని 45 కోట్ల సంవత్సరముల క్రిందట జరిగినది, పది కోట్ల సంవత్సరముల క్రిందటను జరిగినది. రెండు రాళ్లును చూపునకు ఒక్కటే. ఇసుకరాయి, సున్నపురాయి సంగతియు అంతే. కాని జీవరాసులు అట్లు కావు. ఒకసారి నశించిన జాతి మరల పుట్టదు. కాబట్టి ఏ పొరలో ఏ జాతి ఉన్నదో చూచినచో, ఆ పొర కాలము తెలియును. కాలువల త్రవ్వకమున పనిచేసిన విలియమ్ స్మిత్ అను ఆంగ్లేయుడు ఈ సూత్రమునే పాటించి, 1815లో ఇంగ్లండు, వేల్సు దేశముల శిలాపటమును ప్రకటించెను.

సూత్రము తెలిసినంతమాత్రమున తగవులు తీరలేదు. 1830 ప్రాంతములలో ఆడమ్ సెడ్జ్‌విక్, రోడరిక్ మర్చిసన్ అను ఇద్దరు భూగర్భ శాస్త్రజ్ఞులు వేల్సులోని ప్రాచీన శిలలను పరిశోధించుచుండిరి. ఇద్దరును ప్రాణమిత్రులు. సెడ్జ్‌విక్ అడుగున ఉన్న ముదుసలి పొరల నుండి పైకి పని సాగించెను. మర్చిసన్ పైన ఉన్న పొరల నుండి క్రిందికి దిగుచు వచ్చెను. 1835లో ఇరువురును కలిసి తమ పొరలకు పేర్లు పెట్టిరి. సెడ్జ్‌విక్ పొరలు కేంబ్రియన్, మర్చిసన్ పొరలు సైలూరియన్. అయితే పని సాగిన కొలది, నడుమనున్న ఒక పెద్ద శిలాసముదాయము ఇద్దరి లెక్కలలోనికిని వచ్చినదని తేలెను. ఒకరు దానిని ఎగువ కేంబ్రియన్ అనిరి. మరియొకరు దిగువ సైలూరియన్ అనిరి. పొలముగట్టు తగవు వలె అది పెరిగి పెద్దదై, స్నేహము చెడి, మాటలు లేని స్థితికి వచ్చెను. మర్చిసన్ 1871లోను, సెడ్జ్‌విక్ 1873లోను మరణించిరి. తగవు మాత్రము మిగిలెను. పటములు గీయువారికి, పాఠములు చెప్పువారికి ఒకే రాతికి రెండు పేర్లు దాపురించెను.

ఈ తగవు తీర్చినవాడు ఒక బడిపంతులు. ఆయన పేరు చార్లెస్ లాప్‌వర్త్. 1842లో ఇంగ్లండులో పుట్టి, 1864లో స్కాట్లండు దక్షిణభాగములోని గాలషీల్స్ అను ఊరిలో ఉపాధ్యాయుడుగా చేరెను. సెలవు దినములలో చుట్టుప్రక్కల కొండలలో తిరుగుట, రాళ్లు పగులగొట్టి చూచుట ఆయనకు వ్యసనమయ్యెను. 1875లో ఆయన సెంట్ ఆండ్రూస్ పట్టణములోని మద్రాస్ కాలేజి అను పాఠశాలకు మారెను. స్కాట్లండులో మద్రాసు పేరేమిటని శ్రోతలకు తోచవచ్చును. ఆ పాఠశాలకు మూలపురుషుడైన ఆండ్రూ బెల్, 18వ శతాబ్ది చివర చెన్నపట్నములో అనాథ బాలుర ఆశ్రమమును నడపినవాడు. అచ్చటి వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటయు, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుటయు చూచి, ఆ పద్ధతినే తన దేశమునకు కొనిపోయెను. దానికే మద్రాసు పద్ధతియని పేరు. మన వీధిబడి పేరు మోసిన పాఠశాలలో పనిచేసినవాడే, రాతిపై వ్రాతలు చదువుటలో లోకమునకు గురువయ్యెను.

ఆయన చదివిన వ్రాతలు గ్రాప్టొలైట్లు. గ్రీకు భాషలో ఆ మాటకు వ్రాసిన రాయి అని అర్థము. కళాశాల ప్రయోగశాలలో నేను మొదటిసారి గ్రాప్టొలైట్‌ను చూచినప్పుడు, ఎవరో బాలుడు నల్లని పలకపై బలపముతో గీత గీచి విడిచినాడనుకొంటిని. దగ్గరకు తెచ్చి భూతద్దముతో చూచినచో ఆ గీత అంచున ఱంపపు పండ్ల వంటి చిన్న చిన్న నొక్కులు కనబడినవి. ఆ ఒక్కొక్క పంటి చోటున ఒక్కొక్క సూక్ష్మజీవి నివసించెడిది. అనగా ఒక్కొక్క గీత ఒక్కొక్క సమష్టి కుటుంబము. వీనిలో పెక్కు జాతులు సముద్రపు పైనీటిలో తేలుచు, ప్రవాహములతోపాటు దేశదేశములకు కొట్టుకొనిపోయెడివి. చచ్చిన పిమ్మట అడుగునకు దిగి, ప్రాణవాయువు చొరని నల్లని బురదలో కూరుకొనిపోయి, చెదరక నిలిచెడివి. వీని దూరపు బంధువులైన రాబ్డోప్లూరా అను చిన్న జీవులు నేటి సముద్రములలోను బ్రదికియున్నవి.

స్కాట్లండులో మోఫట్ పట్టణము దగ్గర డాబ్స్ లిన్ అను జలపాతమున్నది. అచ్చటి లోయ గోడలలో నల్లని షేల్ పొరలు బయటపడియున్నవి. ఆ ప్రాంతమంతట ఇట్టి నల్లని పట్టీలు, వాని నడుమ బూడిదరంగు ఇసుకరాళ్లు మాటిమాటికి వచ్చుచుండును. ఇవన్నియు ఒకదానిపై ఒకటి వరుసగా పేరుకొన్నవనియు, మొత్తము మందము వేల అడుగులుండుననియు పూర్వులు నమ్మియుండిరి. అన్ని పట్టీలలోను గ్రాప్టొలైట్లు ఉన్నవి గనుక, ఆ జీవులు కాలనిర్ణయమునకు పనికిరావనియు వారు తీర్మానించిరి.

లాప్‌వర్త్ ఈ మాటను నమ్మలేదు. జలపాతము దగ్గరనున్న బర్క్‌హిల్ అను కుటీరములో బసచేసి, షేల్ పట్టీని అంగుళము అంగుళముగా పరిశీలించెను. ఏ గ్రాప్టొలైట్ ఏ పొరలో దొరకినదో తప్పక గుర్తుపెట్టెను. అప్పుడొక సంగతి బయటపడెను. పట్టీ అంతట ఒకే జాతి లేదు. కొన్ని అంగుళములో, అడుగులో మందమున్న పొరలో ఒక గుంపు జాతులు, దానిపైన మరియొక గుంపు, దానిపైన వేరొక గుంపు. ఎచ్చట చూచినను అదే వరుస. కొన్ని లోయలలో మాత్రము ఆ వరుస తలక్రిందులుగా కనబడెను. అనగా పట్టీలు అనేకములు కావు. ఉన్నది ఒక్కటే పట్టీ. భూమి ఒత్తిడివలన అది చీర కుచ్చెళ్లవలె మడతలు పడి, అదే పొర పలుమార్లు పైకి వచ్చినది. వేల అడుగుల మందమని తలచినది నిజమునకు కొన్ని వందల అడుగులే. 1878లో ఆయన ఈ విషయమును ప్రకటించెను. పనికిరావని త్రోసివేసిన గీతలే కొండల నిర్మాణమును తేటపరచినవి.

ఆ మరుసటి సంవత్సరము, 1879లో, ఆయన పాత తగవు సంగతి ఎత్తుకొనెను. సెడ్జ్‌విక్, మర్చిసన్ పోరాడిన నడిమి పొరలలోని జీవరాసులు క్రింది కేంబ్రియన్ జీవులతోను కలియవు, పై సైలూరియన్ జీవులతోను కలియవు. వానికొక ప్రత్యేక కుటుంబమున్నది. కాబట్టి ఆ భాగమును ఇద్దరిలో ఎవ్వరికిని ఈయక, మూడవ యుగముగా చేయవలెనని ఆయన సూచించెను. వేల్సులో రోమను సైన్యములకు కడపట లొంగిన ఆర్డోవిసెస్ అను తెగ పేర దానికి ఆర్డోవిషియన్ అని నామకరణము చేసెను. 1881లో ఆయన బర్మింగ్‌హామ్‌లో భూగర్భ శాస్త్రాచార్యుడయ్యెను. అయినను ఆ పేరును అందరును వెంటనే అంగీకరింపలేదు. ఆయన 1920లో మరణించెను. 1960లో కోపెన్‌హేగన్‌లో జరిగిన అంతర్జాతీయ భూగర్భ శాస్త్ర మహాసభలో ఆ పేరు అధికారముగా స్థిరపడెను. ఒక్క మంచి మాట నిలుచుటకు ఎనుబదియొక సంవత్సరములు పట్టినది.

అయితే గ్రాప్టొలైట్లు ఉండగా ట్రైలోబైట్లతో పని యేమి? ఒక సాక్షి చెప్పలేనిది మరియొక సాక్షి చెప్పవలెను గదా. గ్రాప్టొలైట్లు మిక్కుటముగా నిలిచినది లోతునీటి నల్లని బురదలో. తీరమునకు దగ్గరగా, లోతులేని సముద్రములో పుట్టిన సున్నపురాళ్లలోను, ఇసుకరాళ్లలోను అవి అరుదు. ఆ రాళ్లలో విస్తారముగా దొరకునవి ట్రైలోబైట్లు, గవ్వల వంటి ఇతర జీవులు. ట్రైలోబైట్లు పెరుగు కొలది పెంకును విడుచుచుండెడివి గనుక, ఒక్క జీవి తన జీవితకాలములో పలు పెంకులను రాతికి అప్పగించి పోయినది. వేల్సు, ఇంగ్లండు దేశములలో అరెనిగ్, లాండైలో, కారడాక్, ఆష్‌గిల్ అను భాగములను ఏర్పరచుటలో ఇటువంటి పెంకుల సాక్ష్యము ఎంతయో ఉపకరించినది. అమెరికాలో యూటా రాష్ట్రమున రాస్, హింట్జ్ అను పండితులు 1950వ దశకము తొలినాళ్లలో అచ్చటి సున్నపురాళ్లను ట్రైలోబైట్లను బట్టి మండలములుగా విభజించి, వానికి ఇంగ్లీషు అక్షరమాల వరుసలో పేర్లు పెట్టిరి.

ట్రైలోబైట్లలో ఒక లోపమున్నది. చాల జాతులు సముద్రపు అడుగున ప్రాకుచు, తమ తీరమును విడువక బ్రదికెడివి. ఊరు దాటని గ్రామస్థునివలె అవి తమ ఊరి సంగతియే చెప్పగలవు. వేల్సు ట్రైలోబైట్లను అమెరికా ట్రైలోబైట్లతో పోల్చబోయినచో, ఒకే కాలమునందు కూడ జాతులు వేరుగా నుండును. ఇంతకంటె వింత యేమనగా, ఇంగ్లండునకు ఆనుకొనియున్న స్కాట్లండులోని గిర్వన్ తీరపు ట్రైలోబైట్లు వేల్సు వానిని పోలక, అట్లాంటిక్ సముద్రమునకు ఆవలనున్న అమెరికా వానిని పోలియున్నవి.

ఈ చిక్కే ఒక గొప్ప సత్యమునకు దారితీసినది. ఆర్డోవిషియన్ కాలమున స్కాట్లండు ఉత్తర అమెరికా ఖండమునకు అంటియుండెడిది. ఇంగ్లండు, వేల్సు వేరొక భూభాగమున నుండెడివి. వాని నడుమ ఒక మహాసముద్రముండెడిది. అది క్రమముగా మూసికొనిపోయి, తీరములు ఢీకొని, ఆ ఒత్తిడికే స్కాట్లండు షేల్ పొరలు మడతలు పడినవి. 1966లో ట్యూజో విల్సన్ అను కెనడా శాస్త్రజ్ఞుడు ఇటువంటి శిలాజముల తేడాలను ఆధారముగా చూపి, అట్లాంటిక్ సముద్రమునకు పూర్వము మరియొక సముద్రము మూసికొనిపోయినదని ప్రతిపాదించెను. దానిని నేడు ఐయాపెటస్ సముద్రమనుచున్నారు. కాలము చెప్పుటలో తడబడిన సాక్షి, దేశము చెప్పుటలో మేటియయ్యెను.

ఇద్దరు సాక్షులను ఒకచోట నిలుపుట ఎట్లు? ఆ పనిని గిర్వన్‌లో లాప్‌వర్త్ స్వయముగా చేసి, 1882లో ప్రకటించెను. అచ్చట పెంకుజీవులున్న సున్నపురాళ్లు, గులకరాళ్ల పొరలు, గ్రాప్టొలైట్లున్న షేల్ పొరలు ఒకదాని వెంట ఒకటి వచ్చును. ఒక షేల్ పొరలోని గ్రాప్టొలైట్ మోఫట్‌లోని ఫలానా పొరదని తెలిసినచో, దాని క్రింద పైన నున్న ట్రైలోబైట్లకును కాలము తెలియును. మోఫట్‌లో కొలది అడుగులుగా నున్న కాలమే గిర్వన్‌లో అంతకు ఎన్నో రెట్లు మందముగా నున్నదని అప్పుడు తేలెను. పొర మందము కాలమును చెప్పదు, పొరలోని జీవి చెప్పునని దీనివలన రూఢియైనది.

నేడు ఆర్డోవిషియన్ యుగము 48 కోట్ల సంవత్సరములకు పూర్వమే మొదలై, సుమారు 44 కోట్ల 30 లక్షల సంవత్సరముల క్రిందట ముగిసినదని లెక్క. ఈ అంకెలు శిలాజములు చెప్పినవి కావు. పొరల నడుమ చిక్కిన అగ్నిపర్వతపు బూడిదలో జిర్కాన్ అను స్ఫటికములుండును. వానిలోని యురేనియము నియతముగా సీసముగా మారుచుండును. ఆ సీసమును కొలిచి సంవత్సరములు చెప్పుదురు. కాని బూడిద అన్ని పొరలలోను దొరకదు. ఏ పొర దేనికి సమకాలికమో చెప్పు పని ముఖ్యముగా శిలాజములదే.

ఈ యుగమును ఏడు దశలుగా విభజించినారు. అవి క్రిందినుండి వరుసగా ట్రెమడోసియన్, ఫ్లోయియన్, డాపింగియన్, డారివిలియన్, సాండ్‌బియన్, కేటియన్, హిర్నాంటియన్. ప్రతి దశకును ఎచ్చట మొదలగునో చెప్పు ఒక్క స్థలము, ఆ స్థలములో ఒక్క పొర, ఆ పొరలో తొలిసారి కనబడు ఒక్క జాతి నిర్ణయింపబడినవి. ఆ గుర్తునకు శాస్త్రజ్ఞులు బంగారు మేకు అని ముద్దుపేరు పెట్టిరి. రేడియోలో సమయసూచిక వినబడగానే ఇంటి గోడగడియారమును సరిచేసికొనుట మనకు అలవాటు. బంగారు మేకు అట్టిదే. తమ తమ దేశములలోని పొరలను అందరును దానితో సరిచూచుకొందురు.

సాండ్‌బియన్ దశ మేకు స్వీడన్ దేశములో ఫోగెల్‌సాంగ్ అను చోట నున్నది. ఆ పేరునకు పక్షిగానమని అర్థము. నీమాగ్రాప్టస్ గ్రాసిలిస్ అను గ్రాప్టొలైట్ తొలిసారి కనబడు పొరయే ఆ దశకు ఆరంభము. వంపు తిరిగిన సన్నని దారమునకు కొమ్మలు మొలచినట్లుండు ఈ జీవి స్కాట్లండు షేల్ రాళ్లలోను, అమెరికాలోను, చీనాలోను, ఆస్ట్రేలియాలోను దొరకుచున్నది. ఎచ్చట దొరకినను అదే కాలము. ఫ్లోయియన్ దశకు స్వీడన్‌లోని హున్నెబెర్గ్ కొండలోను, డారివిలియన్, హిర్నాంటియన్ దశలకు చీనాలోను, కేటియన్ దశకు అమెరికాలోని ఓక్లహామాలోను గ్రాప్టొలైట్లే హద్దులు. మిగిలిన రెండు దశలకు కోనోడాంట్లు అను సూక్ష్మమైన పండ్లు గుర్తులు. ఈ ఏడింటిలో ఒక్క దశకైనను ట్రైలోబైట్ హద్దుగా లేదు. ఊరు దాటని సాక్షిని లోకమంతటికి ప్రమాణముగా పెట్టుట కుదరదు గదా. కాని సున్నపురాళ్ల దేశములలో ఆ దశలను వెదకి పట్టుకొనుటకు నేటికిని ట్రైలోబైట్లు తోడ్పడుచున్నవి.

చివరి దశయైన హిర్నాంటియన్ మిక్కిలి పొట్టిది. సుమారు ఇరువది లక్షల సంవత్సరములు మాత్రమే. అప్పుడు దక్షిణ ధ్రువము దగ్గరనుండిన, నేటి సహారా ఎడారి ప్రాంతమున మహాహిమానదములు పేరుకొనెను. సముద్రమట్టము తగ్గి, లోతులేని సముద్రములు ఎండిపోయెను. సముద్రజీవ జాతులలో నూటికి ఎనుబదియైదు వరకు నశించినవని అంచనా. ట్రైలోబైట్లలో పెక్కు కుటుంబములు మాసిపోయెను. గ్రాప్టొలైట్లు దాదాపు తుడిచిపెట్టుకొనిపోయి, కొలది జాతులు మాత్రము మిగిలెను. ఆ మిగిలిన కొలదిమంది సంతతియే సైలూరియన్ సముద్రములను మరల నింపినది. ఆ సైలూరియన్ యుగారంభమునకు బంగారు మేకు మరెచ్చటనో లేదు. బడిపంతులు అంగుళములు లెక్కించిన డాబ్స్ లిన్‌లోనే యున్నది.

మన తెలుగుసీమలో ఈ జీవుల కొరకు వెదకినచో ఫలము లేదు. కడప శిలలలో అడుగుభాగము 180 కోట్ల సంవత్సరములకు పూర్వపుది. అప్పటికి ట్రైలోబైట్లు పుట్టనేలేదు. గోదావరి లోయలోని బొగ్గుపొరలు సుమారు 25 నుండి 30 కోట్ల సంవత్సరముల నాటివి. అప్పటికి ఆర్డోవిషియన్ ముగిసి ఎంతో కాలమైనది. ఆ నడిమి పుటలు మన గ్రంథమున లేవు. వానిని చదువగోరువారు హిమాలయములలోని స్పిటి లోయకు పోవలెను. అచ్చటి ఆర్డోవిషియన్ సముద్రజీవుల శిలాజములను గురించి రీడ్ పండితుడు 1912లోనే విపులముగా వ్రాసియున్నాడు.

ఇద్దరు మేధావులు ఒకే రాతికొరకు జీవితాంతము కలహించిరి. వారి కలహము తీర్చినది వాదబలము కాదు. ఏ పొరలో ఏ జీవి ఉన్నదో అంగుళము విడువక చూచిన ఒక ఉపాధ్యాయుని ఓర్పు. దశల పేర్లు, హద్దులు మనుష్యులు కూడబలుకుకొని పెట్టుకొన్నవే. అవసరమైనచో రేపు వానిని మార్చుకొనవచ్చును. పొరలలో జీవులు వచ్చిన వరుసను మాత్రము ఎవ్వరును మార్చలేరు.